బండి తగిలించి పారిపోవుట: చట్టమేమి చెప్పుచున్నది?

(మన సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నన్ను మాటలాడుమని కోరినప్పుడు తెలుగు బడిని గూర్చియో, గ్రంథాలయమును గూర్చియో చెప్పుదునని కొందరు తలచియుందురు. అవి మనకు ప్రాణసమానములైన విషయములే. కాని నేడు వేరొక సంగతి చెప్పదలచితిని. మన దారులలో బండ్లు పెరిగినవి; మన ఇండ్లలోను పెరిగినవి. తాతలనాడు ఎద్దుబండిపై చింతపండు పంపిన కుటుంబములకు ఈనాడు చిన్న లారీయో, పికప్ బండియో, ఏమియు లేకున్న ఒక మోటారు సైకిలో ఉన్నది. బండి యున్నచోట ప్రమాదమును ఉండును. ప్రమాదము జరిగిన మరుక్షణమున మనవారిలో అనేకులకు తోచు మొదటి ఆలోచన ఒక్కటే: ఇచటినుండి బయటపడుట. ఆ ఆలోచనను గూర్చియే నా మాటలు.

నేను వకీలును కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి దుకాణములో కూర్చున్నవాడను. చట్టపు పుస్తకమును చదివియు, తెలిసిన వకీళ్లనడిగియు గ్రహించిన సంగతులనే మీ ముందుంచుచున్నాను. వర్తకునకు ఏ బేరమునందైనను లాభనష్టములు లెక్కవేయు అలవాటుండును గదా. ఈ పారిపోవుట యను బేరమున లాభమెవరికి, నష్టమెవరికి అని నేనును లెక్కవేసి చూచితిని. ఆ లెక్క చివర వత్తును.

మొదట మన ఊరి సంగతి. ఇటు నియమగిరి కొండలు, అటు నాగావళి. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నపు ఏజన్సీలో నుండిన ఈ సీమ, ఆనాడు ఒరిస్సా వేరుపడగా కొరాపుట్ జిల్లాలో చేరెను. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ ప్రత్యేక జిల్లా అయ్యెను. సరిహద్దు గీతలు మారినను మన రాకపోకలు మారలేదు. పెద్ద వైద్యమునకు విశాఖపట్నము, పెండ్లి సంబంధమునకు పార్వతీపురము, సరుకునకు విజయనగరము. ఉదయము బయలుదేరిన బండి మధ్యాహ్నమునకు రెండు రాష్ట్రముల పోలీసు ఠాణాల పరిధులు దాటియుండును.

ఇక సంతనాడు కొండమీదినుండి డొంగరియా కోదులు పనసకాయలు, అనాసలు, పసుపు, అరటిగెలలు మోసికొని దిగివత్తురు. వారి సరుకు కొని మనలో ఎందరో బ్రతుకుచున్నాము. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వారు రోడ్డు వారగా, ఒకరి వెనుక నొకరు, కొండవైపు నడచిపోవుదురు. దీపములు లేని ఆ దారినే తెరువలి, రాయగడల వైపు బండ్లును పోవును. ఆ నడచువారిలో ఒకరికి బండి తగిలినదనుకొనుడు. తోడివారిలో బండి నంబరు చదువజాలనివారుందురు. ఒడియాలో గాని తెలుగులో గాని ఠాణాలో నోరు విప్పి చెప్పజాలనివారుందురు. పారిపోవువానికి ఇంతకంటె అనుకూలమైన చోటు వేరొకటి యుండునా? అందువలననే ఈ సంగతి మన ఊరిలో మరింత గట్టిగా చెప్పవలసియున్నది.

ఇప్పుడు చట్టము. 1939నాటి పాత మోటారు చట్టము స్థానమున 1988నాటి మోటారు వాహనముల చట్టము వచ్చి, 1989 జూలై 1 నుండి అమలులో నున్నది. అందు 132వ సెక్షను ప్రకారము, బండివలన మనుష్యునకు గాని, పశువునకు గాని, మరియొక బండికి గాని ప్రమాదము కలిగినచో, లేక ఆస్తికి నష్టము కలిగినచో డ్రైవరు బండి నాపవలెను. నష్టపడినవారు అడిగినచో తన పేరును చిరునామాను చెప్పవలెను. మనుష్యునకు తగిలిననే గాని ఆగనక్కరలేదని మనలో ఒక భ్రమ కలదు. అది సరికాదు. గుఱ్ఱము, ఆవు ఎద్దు గేదె మొదలైన పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొఱ్ఱె, మేక, వీనిని చట్టమే పేర్కొనినది. కోదుల ఇంటి మేక మన బండి క్రింద పడినను ఆగి పేరు చెప్పుట మన విధి. ఇంగ్లండు చట్టమున ఈ జాబితాలో కుక్కయు, పందియు కూడ ఉన్నవి. మన జాబితాలో అవి లేవు. వారికి ఏనుగు లేదు గనుక వారు విడిచిరి, మనము కుక్కను ఏల విడిచితిమో నాకు తెలియదు.

మనుష్యునకు గాయమైనప్పుడు చేయవలసినవి 134వ సెక్షనులో ఉన్నవి. గాయపడినవానిని దగ్గరి వైద్యుని యొద్దకు గాని ఆసుపత్రికి గాని చేర్పింపవలెను. పోలీసు అధికారి అడిగిన వివరములీయవలెను. అచట పోలీసులు లేనిచో దగ్గరి ఠాణాకు సాధ్యమైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటల లోపల, సంగతి తెలుపవలెను. బీమా కంపెనీకి పాలసీ నంబరు, ప్రమాదము జరిగిన తేది, వేళ, స్థలము, గాయపడినవారి వివరములు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరములు వ్రాసి పంపవలెను.

“అయ్యా, ఇవన్నియు బాగుగనే యున్నవి. అచట నిలిచినచో జనము చంపివేయుదురు గదా?” అని మీరు అడుగుదురు. ఈ ప్రశ్న నన్నెందరో డ్రైవర్లు అడిగిరి. అది పిరికివాని మాట కాదు. ప్రమాదము జరిగినచోట గుంపు చేరుట, తప్పెవరిదని విచారింపకయే పెద్ద బండివానిని కొట్టుట, బండికి నిప్పుపెట్టుట మన దేశమున జరుగుచున్న సంగతులే. చట్టము చేసినవారును దీనిని ఎరుగుదురు. 134వ సెక్షనులోనే, గుంపు ఆగ్రహమువలన గాని, తన వశములో లేని వేరొక కారణమువలన గాని సాధ్యము కానప్పుడు తప్ప గాయపడినవానికి వైద్యసహాయము చేయించవలెనని వ్రాసియున్నారు. ప్రాణభయమున్నవాడు ఆ స్థలమును విడువవచ్చును. విడిచి ఎచ్చటికి పోవునన్నదే ప్రశ్న. ఇంటికి పోయినచో, అడవి దారి పట్టి బండిని దాచినచో, పారిపోయినవాడగును. ఠాణాకు పోయినచో, లేక దారిలోనే 112కు గాని 108కి గాని ఫోను చేసి తన పేరు, స్థలము చెప్పినచో, చట్టమును పాటించినవాడగును. అడుగులు రెండింటికిని ఒక్కటే. అవి నడచు దిక్కు వేరు.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే కనుక మరికొంత వివరించెదను. ఠాణాకు పోయినచో వెంటనే జైలులో వేయుదురని మనవారి భయము. అజాగ్రత్తగా బండి నడపి మరణము కలిగించిన నేరము భారతీయ న్యాయ సంహితలో 106(1) సెక్షను క్రింద వచ్చును. 2024 జూలై 1న ఈ సంహిత అమలులోనికి వచ్చెను. పాత శిక్షాస్మృతిలో 304ఎ క్రింద రెండేండ్ల వరకుండిన శిక్ష ఇప్పుడు అయిదేండ్ల వరకు పెరిగినది. అయినను అది జామీను హక్కుగా దొరకు నేరము. గాయములకు సంబంధించిన 125వ సెక్షను గాని, అజాగ్రత్తగా నడపుటకు సంబంధించిన 281వ సెక్షను గాని అట్టివే. స్వయముగా వచ్చి నిలిచినవాడు జామీను ఇచ్చి ఇంటికి పోవచ్చును. తప్పు తనది కానిచో, ఎదుటివాడే అడ్డువచ్చినచో, ఆ మాట ఆనాడే కాగితముపై పడును. బ్రేకు గుర్తులు, రోడ్డు స్థితి, చూచినవారి మాటలు అన్నియు అప్పుడే దొరకును. పారిపోయి వారము దినములకు పట్టుబడినవాడు అదే మాట చెప్పినచో ఎవరు నమ్ముదురు?

పారిపోయినందుకు వేరుగా శిక్షయు కలదు. ఆగకపోయినను, ఠాణాకు తెలుపకపోయినను 187వ సెక్షను వర్తించును. పూర్వము మూడు నెలల జైలు, లేక 500 రూపాయల జరిమానా ఉండెడిది. 2019 సవరణతో అది ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును అయ్యెను. మరల చేసినవానికి ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. తప్పు తనది కాకున్నను పారిపోయిన కారణముచేతనే ఈ శిక్ష పడవచ్చునని గ్రహింపవలెను.

పదేండ్ల శిక్షను గూర్చి మీరందరును వినియుందురు. దానిని గూర్చి అపోహలు చాల ఉన్నవి. న్యాయ సంహిత 106(2) సెక్షనులో, అజాగ్రత్తగా నడపి మరణము కలిగించి, వెంటనే పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని తెలుపక తప్పించుకొనిపోయినవానికి పది సంవత్సరముల వరకు జైలు, జరిమానా అని వ్రాసిరి. ఇది జామీను హక్కుగా దొరకని నేరము. 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీ డ్రైవర్లు సమ్మె చేసిరి. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరెను. ఆగితే గుంపు కొట్టును, ఆగకున్న పదేండ్లు పడును, మేమేమి చేయవలెనని వారడిగిరి. ప్రభుత్వము రవాణా సంఘములతో మాటలాడిన పిదప సమ్మె ఆగెను. 2024 ఫిబ్రవరిలో వెలువడిన ప్రకటన ప్రకారము జూలై 1న సంహిత అంతయు అమలులోనికి రాగా ఈ 106(2) ఒక్కటి పక్కన నిలిచినది. దానిని ఏ దినమున అమలు చేయుదురో ప్రకటనచే తెలియును, కనిపెట్టి యుండవలెను. అది నిలిచినదని పారిపోవుటకు స్వేచ్ఛ వచ్చినట్లు మాత్రము కాదు. డ్రైవర్ల బాధను నేను ఎరుగుదును. వారి కోరిక న్యాయమైనదే. కాని ఆ సెక్షనులో శిక్ష తెలుపకపోయినందుకు. స్థలము విడిచి ఠాణాకు పోయి తెలిపినవానికి కాదు. ఈ భేదమును వారికి వివరించి చెప్పిన వారు తక్కువ.

ఇంకొక సంగతి. పదేండ్ల శిక్ష ఎన్నడును లేనిదేమియు కాదు. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఢిల్లీ లోధీ కాలనీలో ఒక ధనిక యువకుని కారు క్రింద పడి ఆరుగురు చనిపోయిరి. వారిలో ముగ్గురు పోలీసులు. అది సంజీవ్ నందా కేసని పేరుపడినది. 2012 ఆగస్టులో సుప్రీం కోర్టు అది కేవలము అజాగ్రత్త కాదనియు, పాత శిక్షాస్మృతి 304వ సెక్షను రెండవ భాగము క్రింద, అనగా పదేండ్ల వరకు శిక్ష పడదగిన, హత్య కాని నరహత్యా నేరమనియు తేల్చెను. గాయపడినవారికి సహాయము చేయక వెడలిపోయిన సంగతిని న్యాయమూర్తులు లెక్కలోనికి తీసికొనిరి. అనుభవించిన జైలుతోనే విడిచినను 50 లక్షల రూపాయలు చెల్లింపుమనియు, రెండేండ్లు సమాజసేవ చేయుమనియు ఆజ్ఞాపించిరి. ఆ సొమ్ము, బండి యజమాని ఎవరో తెలియని ప్రమాదములలో నష్టపోయినవారికి వినియోగింపవలెననిరి.

ఇప్పుడు మనవంటి యజమానులకు. మనలో కొందరు బండి నడపరు, నడిపింతురు. “డ్రైవరు చేసినాడు, నాకేమి?” అనుట చెల్లదు. 133వ సెక్షను ప్రకారము పోలీసు అడిగినప్పుడు ఆ వేళ బండి నడపినవాడెవరో, వాని చిరునామా లైసెన్సు వివరములేమో యజమాని చెప్పి తీరవలెను. చెప్పనిచో పైన చెప్పిన 187వ సెక్షనే యజమానికిని వర్తించును. మన ప్రాంతములో ఒక చెడ్డ వాడుక కలదు. నడపినవాడొకడు, ఠాణాకు పోవువాడు వేరొకడు. కొడుకు నడపియుండును, జీతపు డ్రైవరును పంపి, “నేనే నడపితిని” అనిపింతురు. లైసెన్సు లేని క్లీనరు నడపియుండును; లైసెన్సున్నవానిని చూపుదురు. నేరస్థుని కాపాడుటకు తప్పుడు సమాచారమిచ్చుట, సాక్ష్యమును మాయము చేయుట వేరు నేరములు. వానికి వేరు సెక్షనులున్నవి. బండిని రాత్రికి రాత్రి పొరుగు రాష్ట్రమునకు పంపి సొట్టలు తీయించుటయు ఆ కోవలోనిదే. ఒక బీదవానిని పది వేలకు కొని కోర్టు బోనులో నిలబెట్టు పనిని మన కుటుంబములలో ఎవరును చేయరాదని సంఘ బాధ్యుడుగా గట్టిగా చెప్పుచున్నాను. వినినవారు నొచ్చుకొందురుగాక.

మైనరు పిల్లల విషయము కొద్దిగా చెప్పి విడిచెదను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు మోటారు నడపి నేరము చేసినచో 199ఎ సెక్షను ప్రకారము తండ్రి గాని సంరక్షకుడు గాని, యజమాని గాని బాధ్యుడు. మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు ఈయరు. తల్లులు ఈ మాటను మరువరాదు. “పక్క వీధికే గదా” అని తాళము చేతికిచ్చునది తరచుగా మీరే.

ఇక నేను మొదట చెప్పిన లెక్క.

ప్రమాదములో ఒకడు చనిపోయెననుకొందము. బండి ఏదో తెలిసినచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న 164వ సెక్షను ప్రకారము, తప్పెవరిదని రుజువు చేయనక్కర లేకయే మృతుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు యజమాని గాని బీమా కంపెనీ గాని చెల్లింపవలెను. తప్పు రుజువు చేయగలిగినచో ఈ మార్గము విడిచి 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలులో దావా వేయవచ్చును. అప్పుడు మృతుని వయస్సు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య చూచి అంతకంటె ఎక్కువయు ఇప్పింపవచ్చును. బండి ఏదో తెలియకపోయినచో? అప్పుడు 161వ సెక్షను. 1988లో మరణమునకు 8,500 రూపాయలుగా నుండినది 1994లో 25,000 అయ్యెను. 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000. అంతియే.

చూచితిరా? డ్రైవరు దొరకకుండ పోయిన ఆ ఒక్క పనివలన మృతుని కుటుంబమునకు తక్కువలో తక్కువ 3 లక్షల రూపాయల నష్టము. ఆ సొమ్ము ఎవరికి మిగిలినది? డ్రైవరుకు కాదు, బండికి సరియైన బీమా ఉన్నచో యజమానికిని కాదు. చెల్లింపవలసినది బీమా కంపెనీ. ఏడాది ఏడాది మనము ప్రీమియము కట్టునది ఇందుకొరకే. కట్టిన సొమ్మునకు దక్కవలసిన రక్షణను మనమే కాలదన్ని, చనిపోయినవాని భార్యాబిడ్డల నోటి ముందరి కూడు తీసివేసి, రాత్రులు నిద్రలేక పోలీసు జీపు చప్పుడు వినుచు కూర్చుండుట, ఇదేమి వ్యాపారము? బీమా లేనిచో, లైసెన్సు లేనివానిచే నడిపించినచో మాత్రము భారము యజమాని నెత్తిన పడును. బీమా కంపెనీ మొదట చెల్లించినను పిదప యజమానినుండి రాబట్టుకొనవచ్చును. అట్టివారే ఎక్కువగా పారిపోవుదురు. వారికి నా సలహా, ప్రమాదము జరిగిన పిదప కాదు, రేపు ఉదయమే బీమా కాగితము తీసి తేది చూచుకొనుడనియే.

ఆ 2 లక్షలైనను చేరుచున్నవా? 2024 జనవరి 12న సుప్రీం కోర్టు చెప్పిన తీర్పులో ఈ విషయము బయటపడినది. కోయంబత్తూరు ఎముకల వైద్యులు డాక్టరు రాజశేఖరన్ వేసిన వ్యాజ్యమది. 2022లో దేశములో కొట్టి పారిపోయిన ప్రమాదములు 67,387. 2022–23 ఆర్థిక సంవత్సరములో పరిహారమునకై వచ్చిన దరఖాస్తులు 205. తీర్మానమైనవి 95. అరువదియేడు వేల ప్రమాదములకు రెండు వందల దరఖాస్తులు! ఈ లెక్క చదివిన దినమున నా దుకాణపు గల్లాపెట్టె మూసి కొంతసేపు ఊరకుంటిని. సొమ్ము లేక కాదు, అడుగువారు లేక. అడుగవచ్చునని తెలియక.

కావున ఆ తీర్పులోని ఆజ్ఞను గుర్తుంచుకొనుడు. కేసు నమోదైన నెల దినములలో బండి వివరములు తెలియకున్నచో, పరిహారము కోరవచ్చునని గాయపడినవారికి గాని మృతుని వారసులకు గాని ఠాణా అధికారియే వ్రాతమూలముగ తెలుపవలెను. ఏ అధికారిని కలియవలెనో కూడ చెప్పవలెను. ఆ విచారణాధికారిగా సబ్‌డివిజను అధికారియో తహసీల్దారో ఉండును. ఆయన విచారించి నివేదిక పంపగా జిల్లా కలెక్టరు మంజూరు చేయును. దరఖాస్తుతో ఎఫ్.ఐ.ఆర్. నకలు, బ్యాంకు పాసుపుస్తకపు నకలు, గుర్తింపు పత్రము, మరణమైనచో మరణ ధ్రువపత్రము, శవపరీక్ష నివేదిక, గాయమైనచో వైద్యుని నివేదిక జతపరచవలెను. ఎఫ్.ఐ.ఆర్. లేక ఏదియు నడవదు. కనుక ఎంత దుఃఖములో నున్నను ఎవరో ఒకరు ఠాణాకు పోవలసినదే.

ఇచట మన భాష సంగతి వచ్చును. మన పెద్దలు ఒడియా మాటలాడుదురు గాని వ్రాయలేరు. ఆడువారిలో కొందరికి మాటయు కష్టమే. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణకై అధికారులకిచ్చు వినతిపత్రమును దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఈయవచ్చును. ఆ హక్కు మనది. అయినను పని త్వరగా కావలెనన్న తెలుగు ప్రతితోపాటు ఒడియా ప్రతియు ఇచ్చుట మేలు. హక్కును విడువరాదు, పనియు చెడరాదు. ఠాణాలో వ్రాసికొనిన దానిని మనకు చదివి వినిపింపవలెను. వినకుండ సంతకము గాని వేలిముద్ర గాని వేయరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగ ఈయవలెను. అధికారి వ్రాసికొననని అన్నచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును. ప్రమాదము సాలూరు ఘాటులో జరిగినను, పార్వతీపురము వద్ద జరిగినను, ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొని సరియైన ఠాణాకు పంపవలెనని కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. ట్రిబ్యునలు దావాయు నివసించు చోటనే వేయవచ్చును. ఆంధ్రలో జరిగినదని అచటి కోర్టుల చుట్టు తిరుగనక్కరలేదు. ఆ దావాకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టినది గనుక ఆలస్యము చేయరాదు.

చూచినవారిని గూర్చి రెండు మాటలు. డ్రైవరు పారిపోయినచోట చూచినవారును జారుకొందురు. సాక్ష్యము, కోర్టు, తిప్పట అని భయము. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీం కోర్టు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను పోలీసు కాగితములకై కాచియుండక మొదట చికిత్స చేయవలెనని శాసించినది. కారు తగిలి పడిన ఒక స్కూటరువానిని దగ్గరి ఆసుపత్రివారు చేర్చుకొనక దూరముననున్న మరియొక ఆసుపత్రికి పంపగా దారిలో చనిపోయిన వార్త ఆ కేసునకు మూలము. 2016 మార్చి 30న సహాయము చేసినవారి రక్షణకై మార్గదర్శకములకు ఆ కోర్టే చట్టబలము కల్పించినది. ఇప్పుడు 134ఎ సెక్షనుగా అది చట్టములోనే ఉన్నది. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని పేరు చెప్పుమని గాని, సొమ్ము కట్టుమని గాని నిర్బంధింపరాదు. 2025 మే నెలలో మరియొక పథకము వచ్చెను: ప్రమాదమున గాయపడినవానికి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయల వరకు, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో సొమ్ము కట్టకయే చికిత్స.

చివరగా రాజీని గూర్చి. ప్రమాదమైన మరునాడు పెద్దమనుష్యులు కూర్చుండి ఇరువది వేలో ముప్పది వేలో ఇప్పించి, “కేసు వద్దు” అని కాగితము వ్రాయించుట మన ఊరిలోను, కొండ గ్రామములలోను వాడుకయే. అట్టి పంచాయితీలకు నన్నును పిలిచిరి. ఈ సభాముఖమున చెప్పుచున్నాను: మరణము జరిగినచోట అట్టి రాజీతో కేసు తీరదు. అది రాజీ చేసికొనదగిన నేరముల పట్టికలో లేదు. కుటుంబమునకు అయిదు లక్షల హక్కున్నదని తెలిసియు ముప్పది వేలకు వేలిముద్ర వేయించు పంచాయితీలో నేను కూర్చుండను. అంత్యక్రియలకు వెంటనే సొమ్ము కావలసియుండును. దానిని సహాయముగ నీయుడు, రశీదు వ్రాయించుకొనుడు, “హక్కులన్నియు విడిచితిమి” అను మాట మాత్రము వ్రాయింపకుడు.

పరిహారపు దరఖాస్తు నమూనాలు, ఠాణాలో నీయదగిన ఫిర్యాదు నమూనా తెలుగులోను ఒడియాలోను వ్రాయించి మన గ్రంథాలయమున ఉంచితిమి. ఒడియా చక్కగా వ్రాయగల మన యువకులిద్దరు ఆదివారము ఉదయము అచట కూర్చుందురు. తెలుగువారే రావలెనను నియమము లేదు. కొండమీదినుండి వచ్చినవారికిని వారు వ్రాసిపెట్టుదురు, రుసుము లేదు. వచ్చువారు ఎఫ్.ఐ.ఆర్. నకలు, పాసుపుస్తకము వెంట తెచ్చుకొనవలెను.